అత్తగారు సగంలో ఆపిన కోటు

పొద్దున్నే పనికి కూర్చునే ముందు పిన్ని తన కుర్చీని కిటికీ నుంచి జానెడు వెనక్కి జరుపుకుంటుంది. ఎదుటి కుర్చీకి వచ్చే వెలుతురుకు తను అడ్డం కాకూడదని. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. అది ఆమె అత్తగారిది. ఆవిడ పోయి రెండేళ్లయింది.

అత్తాకోడళ్లిద్దరూ ఒక లాండ్రీ దుకాణం వెనకగదిలో రఫూ పని చేసేవారు. బట్ట లోపలి మడతలోంచే దారం లాగి, చిరుగు మీద ఒక్కో పోగూ నేసినట్టు అల్లడం. "మన పని కంటికి కనబడిందంటే మనం ఓడినట్టే" అనేది అత్తగారు. చివరిరోజు ఆవిడ ఒక బూడిదరంగు కోటు మోచేతి దగ్గర అరచేతంత చిరుగును సగం నింపి, సూది గుచ్చి ఉంచి, మంచినీళ్లకని లేచింది. మళ్లీ కూర్చోలేదు. ఆ కోటు కోసమూ ఎవరూ రాలేదు.

మొన్న వేసవిలో దుకాణం మూతపడింది. ఆ రెండు కుర్చీలనీ, కోటునూ పిన్ని ఇంటికి తెచ్చుకుంది. ఇక పిన్ని తన పని తానే వెతుక్కోవాలి, లేదంటే సూది పక్కనపెట్టి ఎవరింట్లోనో అంట్లు తోమాలి.

"అడగందే అమ్మయినా పెట్టదు పిన్నీ, నోరు తెరువు" అని నేనూ తోడు వెళ్లాను, కోట్లు కుట్టే ఒక పెద్ద టైలరు దగ్గరికి. తను బాగుచేసిన చొక్కా తీసి ముందు పెట్టింది పిన్ని. ఆయన కళ్లజోడు సర్దుకుని తిరగేసీ బోర్లేసీ చూశాడు.

"చిరుగేదమ్మా?"

"ఇక్కడే ఉండేదండీ."

"భలేదానివే! లేని దయ్యాన్ని వదిలించానంటే ఎట్లా నమ్మేది?"

పిన్ని ముఖం మాడిపోయింది. తన డప్పు తాను కొట్టుకోవడం చేతకాని మనిషి. మర్నాడు పెట్టెలోంచి ఆ కోటు తీసి, మళ్లీ ఆయన ముందు పరిచింది.

టైలరు వేలు చిరుగు అంచు దాటి నింపిన సగం మీదికి వెళ్లి ఆగిపోయింది. "ఇది నువ్వే చేశావా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. "మా అత్తగారండీ" అంది.

"అయితే ఆవిణ్ణే పంపు."

"ఆవిడ లేరండీ."

ఆయన కోటు వెనక్కి జరిపాడు. పిన్ని లేవలేదు. రెండేళ్లుగా ఎవరూ ముట్టని ఆ సూదిని లాగి, అక్కడే ఎనిమిది పోగులు అల్లింది. "ఎవరో నా చేతులే చూస్తున్నట్టుందే" అంది నాతో మెల్లగా. టైలరు అప్పుడు ఇటు చూడటం లేదు. తర్వాత ఆ పోగులు తడిమి చూసి, లోపలికెళ్లి మూడు కోట్లు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

ఇంటికొచ్చాక పిన్ని ఆ ఎనిమిది పోగులూ విప్పేయబోయింది. ఇంకొకరికి చూపించడానికి చిరుగు మిగలాలి కదా. పైగా అత్తగారి పనిలో తన చెయ్యి కలవడం ఆమెకు ఇష్టం లేదు. భూతద్దం పెట్టి వెతికింది. వెలుతురుకు ఎత్తి చూసింది. ఆవిడ ఎక్కడ ఆపిందో, తను ఎక్కడ మొదలుపెట్టిందో తెలియలేదు. ఒక పోగును సూది కొనతో ఎత్తి పట్టుకుని, "ఇది నాదేనంటారా?" అని అడిగింది. నన్ను కాదు, ఎదుటి కుర్చీని. పోగు వదిలేసింది.

ఆ తర్వాత ఎవరు "నువ్వే చేశావా?" అన్నా, "నేనేనండీ" అంటోంది. అన్నప్పుడల్లా ఒకసారి వెనక్కి చూస్తుంది. అడిగినవాళ్ల ముందే ఆ కోటు మీద నాలుగు పోగులు అల్లి చూపిస్తుంది.

ఇప్పుడు పిన్నికి నలుగురు టైలర్ల పని ఉంది. కోటు మీద ఇంకా గోరంత చిరుగు మిగిలింది.