సారమ్మగారూ, లారీ ఆయాసమూ

సారమ్మగారికి చప్పుడు చేసే ప్రతి వస్తువూ పేషెంటే.

హఫీజ్‌పేట్‌లో మేం అద్దెకుంటున్న ఇల్లు ఆవిడదే. హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్దాసుపత్రిలో, ఊపిరితిత్తుల వార్డులో హెడ్ నర్సు. డ్యూటీ నుంచి వచ్చాక చెప్పులు విడుస్తారు గానీ మెడలో స్టెతస్కోపు తీయరు. మిక్సీ గొణిగినా, నీళ్ళ మోటారు మూలిగినా దాన్ని ఆనించి, కళ్ళు మూసుకుని వింటారు. మోటారు బాగుచేయడానికొచ్చిన మెకానిక్‌కి రోగి బంధువుతో మాట్లాడినట్టే నెమ్మదిగా చెప్పారు, "నిన్నంతా బాధపడిందండి."

"అమ్మా, ఇది మోటరు" అన్నాడతను.

"మోటారైతే మాత్రం? నొప్పి లేనిదే ఎవరూ మూలగరు కదండీ."

ఒకసారి అద్దె ఇవ్వడానికి వెళ్తే నా చేతిలోని లాప్‌టాప్‌ను కూడా పరీక్షించారు. "మధుకర్ బాబూ, దీన్ని పరుపు మీద పెట్టుకుని పనిచేస్తున్నారా?"

"మీకెలా తెలిసిందండి?"

"ఊపిరాడ్డం లేదు పాపం" అన్నారు. ఆ రోజు నుంచి నేను బల్ల మీద పనిచేస్తున్నాను. లాప్‌టాప్ సంగతేమో గానీ నా నడుంనొప్పి తగ్గింది.

మా ఎదురింటి పోచయ్యకు ఒక పాత చిన్న లారీ ఉంది. మాదాపూర్‌లో కంపెనీ మూతపడినా, కోకాపేటలో కొత్తది తెరిచినా ఆ కుర్చీలూ బల్లలూ పోచయ్య లారీ ఎక్కాల్సిందే. పొద్దున్నే పోచయ్య దగ్గేవాడు, తర్వాత లారీ దగ్గేది. ఏ దగ్గు ఎవరిదో పోల్చుకోవడం మా ఇంట్లో ఒక ఆట. నా భార్య శ్రీలత ఎప్పుడూ గెలిచేది. "లారీ దగ్గు కాస్త పొడి దగ్గు" అనేది.

ఒక ఆదివారం సారమ్మగారు చర్చి నుంచి వస్తూ, ఆ తెల్ల చీరతోనే లారీ దగ్గర ఆగారు. పోచయ్య చేత క్యాబిన్ పైకెత్తించి, ఇంజను పక్కన స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

"పోచయ్యా, దీనికి ఆయాసం."

"లారీకి ఆయాసమేందమ్మా?"

"ఇదిగో, గాలి పీల్చే డబ్బా పగిలిపోయింది. బయటి చల్లగాలి అందక, ఇంజను పక్కనున్న వేడిగాలినే పీలుస్తోంది. తలుపులన్నీ మూసి, పొయ్యి మీదకు వంగి ఊపిరి తీసుకుంటే నీకెలా ఉంటుంది?"

పోచయ్య ముఖం చిన్నబోయింది. "గా డబ్బా ఇప్పుడు ఎక్కడ దొర్కుతలేదమ్మా. బండి పాతదైపోయింది."

"దొరక్కపోతే చేద్దాం."

లారీల గురించి మీకేం తెలుసని నేను అడిగాను. "ఊపిరి గురించి తెలుసు కదా బాబూ. మిగతాది ఫోన్లో చూశాను" అన్నారు.

ముందు కేకు డబ్బా అట్టతో ఒక నమూనా చేశారు. మూతపడిన కంపెనీ ఒకటి వదిలేసిన అల్యూమినియం నేమ్‌బోర్డును పోచయ్య తెచ్చిచ్చాడు. దాన్ని కోసి, మడిచి, రివెట్లు కొట్టి అసలు పెట్టె చేశారు. ఫిల్టరు ఆ పెట్టెలో కూర్చుంటుంది. వేడిగాలి దూరకుండా మూత చుట్టూ పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు అతికించారు. పెట్టె నుంచి లారీ ముందు జాలీ దాకా ఒక వెడల్పాటి గొట్టం. వాన నీళ్ళు పోకుండా దాని మూతి కిందికి వంచారు. "ఇంజన్లోకి నీళ్ళు పోతే న్యుమోనియా" అని పోచయ్యకు చెబితే అతను భయంగా తలూపాడు.

మొదటి ప్రయాణంలో కొత్తగూడ చౌరస్తాలో పెట్టె ఊడి రోడ్డు మీద పడింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ దాన్ని ఎత్తి, పైనున్న సగం ఇంగ్లిష్ అక్షరాలు చదివి, ఏ కంపెనీ వాళ్ళదోనని పక్కనున్న ఐటీ ఉద్యోగుల బస్సులో ఇచ్చేశాడు. దాన్ని వెతికి తెచ్చేసరికి పోచయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఈసారి కింద రబ్బరు దిమ్మలు వేసి బిగించారు. బిగించినప్పుడల్లా పరీక్ష. ముందు లారీని వినేవారు. తర్వాత, "ఏదీ, నువ్వో ఊపిరి తీయి. పోల్చి చూడాలి" అనేవారు. లారీ కోసం కాబట్టి పోచయ్య బుద్ధిగా చొక్కా ఎత్తేవాడు.

"వీపు దేనికమ్మా?"

"లారీకి వెనక చక్రాలు లేవా?"

ఇంకోరోజు వార్డు నుంచి ఏదో ప్లాస్టిక్ పరికరం తెచ్చి, "ఇందులోకి గట్టిగా ఊదు. గొట్టం ఎంత వెడల్పుండాలో తెలుస్తుంది" అన్నారు. పోచయ్య ఊదాడు. ఊదిన తర్వాత చాలాసేపు లారీని పట్టుకుని నిలబడ్డాడు. సారమ్మగారు మంచినీళ్ళిచ్చారు.

చివరికి పెట్టె కుదిరింది. పోచయ్య ఫ్లైఓవర్ మీదుగా వెళ్ళొచ్చి, "ఒక్క గుక్కల ఎక్కిందమ్మా" అన్నాడు. అని, క్యాబిన్ దిగుతూ మెలికలు తిరిగిపోయేలా దగ్గాడు.

"బండికి నయమైంది. ఇక నీ సంగతి" అన్నారు సారమ్మగారు.

పోచయ్య గుమ్మంలో నిలబడ్డ భార్య వీరలక్ష్మి వైపు చూసి తలదించుకున్నాడు. ఆమె ఎన్నేళ్ళుగానో బతిమాలుతున్న సంగతి మా వీధంతటికీ తెలుసు. "దవాఖానకు మాత్రం రానమ్మా. మా అన్న నడుసుకుంట పోయిండు. మోసుకొచ్చినం."

"తెలుసు. అందుకే పరీక్షలు ఇక్కడే చేశాను. ఇన్నాళ్ళూ నేను విన్నది నీ ఊపిరే పోచయ్యా. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటున్నట్టున్నాయి. వేళకు మందు పీలిస్తే లొంగుతుందనే నా నమ్మకం. డాక్టరుగారికి చెప్పి ఉంచాను. ఒక్క ఎక్స్‌రే తీయించుకో. పడుకోబెట్టం. పక్కన నేనుంటాను."

ఆ పెట్టెను చూసి ఇన్నాళ్ళూ నేనూ, శ్రీలతా ఎంత నవ్వుకున్నామో గుర్తొచ్చింది.

"అయితే బండికి ఆయాసం అబద్ధమా అమ్మా?" అన్నాడు పోచయ్య చివరికి.

"నిజమే. అబద్ధాలతో వైద్యం చేయను."

అదే అతన్ని కదిలించినట్టుంది. "సరె. గని నా బండిల్నే వస్త. నేనే నడుపుకుంట పోత, నేనే నడుపుకుంట బయటికొస్త."

మర్నాడు భార్యాభర్తలిద్దరూ లారీలో ఆసుపత్రికి వెళ్ళారు. కార్ల మధ్య లారీకి చోటు లేదని సెక్యూరిటీ ఆపితే, సారమ్మగారు వచ్చి, "పేషెంటు వాహనమండి" అని లోపలికి పంపించారట. మధ్యాహ్నానికి పోచయ్య జేబులో ఇన్‌హేలరుతో, తనే నడుపుకుంటూ ఇంటికొచ్చాడు.

మొన్న పోచయ్య తన స్నేహితుడు ఓంకార్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఓంకార్‌ది సరికొత్త లారీ, ముందు కట్టిన నిమ్మకాయలు కూడా ఎండలేదు. "నా బండికి ఆయాసమని పోచన్న అంటుండు. నాకైతే ఏం వినవడ్తలేదమ్మా" అని చెబుతూనే ఓంకార్ ఆగి దగ్గాడు.

సారమ్మగారు విని, బండి నిక్షేపంగా ఉందన్నారు.

పోచయ్య ఆవిడను పక్కకు పిలిచి, గొంతు తగ్గించాడు. "బండి మంచిగనే ఉన్నదని నాకెర్కేనమ్మా. గని ఏదో ఒక డబ్బా మొదలువెట్టుండ్రి. లేకుంటె వాడు నిలవడడు."