కాలిపోని మోటారు

మొన్న పొద్దున మక్కచేనుకు నీళ్ళు పెడదామని పోతే బావి మోటారు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. మా బావమరిది వచ్చి, మూత విప్పి వాసన చూసి, "కాలిపోయింది బావా, ఇగ మెకానిక్‌ను పిలుసుడే" అన్నాడు. ఎంత మామూలు మాట! నేను మాత్రం గట్టు మీద కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకొని పాపం వాడు మజ్జిగ కోసం పరుగెత్తాడు. ఆ మాటే ఒకప్పుడు దుబాయ్‌లో ఒక మనిషి ముందు నిలబడి నేనూ అన్నాను. అప్పుడు మోటారు కాలిపోలేదు.

మన ఈడు వాళ్ళకు దుబాయ్ అంటే సిమెంటు, ఇనుము, లేబర్ క్యాంపు. నేనూ జెబెల్ అలీలో ఏళ్ళ తరబడి ఇనుప కడ్డీలు వంచినవాణ్ణే. నడుము పడిపోయాక, ఎవరో పుణ్యాత్ముడి మాట సాయంతో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో గడ్డి చూసుకునే పని దొరికింది. వ్యవసాయం చేసినవాడికి గడ్డి పెంచడం ఒక లెక్కా అని మీసం మెలేశాను.

కరోనా వచ్చిన ఏడాది ఆ క్లబ్బుకు పోర్చుగీసు కోచ్ వచ్చాడు. నడివయసు, కాస్త కుంటి నడక. రోజూ పొద్దున్నే బూట్లు విడిచి, చేను చూసుకునే రైతులాగా మైదానమంతా తిరిగేవాడు. ఒకనాడు నేను పొద్దున తడిపి ఊరుకుంటే, మ్యాచుకు అరగంట ముందు మళ్ళీ తడపమన్నాడు. గడ్డి వేళ్ళకు చాలినంత పెట్టాను సార్ అని వాదించాను. ఆయన నవ్వి, మా దగ్గర నేర్చిన నాలుగు హిందీ ముక్కల్లో, "బాబా, పానీ ఘాస్ కా నహీ, బాల్ కా" అన్నాడు. నీళ్ళు గడ్డి కోసం కాదట, బంతి కోసమట. తడి గడ్డి మీద బంతి జారుతుందట, చిన్న చిన్న పాసులతో ఆడే తన జట్టుకు అదే ప్రాణమట. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నీళ్ళు కట్టిన నాకు, నీళ్ళ గురించి పాఠం చెప్పినవాడు ఆయనొక్కడే.

అప్పటినుంచి పంపు గదిలో చాయ్ తాగుతూ, సగం మాటలతో, సగం చేతులతో తన కథ చెప్పేవాడు. మైదానం నడుమ ఆడేవాడట. గోలు కొట్టినవాడి ఫొటో పేపర్లో పడుతుంది గానీ ఆ బంతి అందించినవాడు ఎవరికీ గుర్తుండడు అనేవాడు. గడ్డి పెంచినవాడు అసలే గుర్తుండడని నేనంటే పడీ పడీ నవ్వేవాడు. మోకాలు చెడి, ముప్ఫై నిండకుండానే ఆట ఆగిపోయింది. తరువాత కోచ్‌గా దేశాలు తిరిగాడు, ఎక్కడా రెండేళ్ళు నిలవనివ్వలేదు. ఇక్కడా పొమ్మంటే ఇక తనను పిలిచే క్లబ్బు లేదని, మోకాలు నిమురుకుంటూ ఒకసారి చెప్పాడు.

జట్టు వరుసగా ఓడింది. ముదీర్, అంటే మా మేనేజరు, తన మనిషిని కోచ్‌గా తేవాలని చూస్తున్నాడని వంటవాళ్ళకు కూడా తెలుసు. ఇంకొక్క మ్యాచు ఓడితే కోచ్ సారు ఖలాస్ అని క్లబ్బువాళ్ళు తేల్చేశారు. ఆ మ్యాచు రోజు మధ్యాహ్నం ముదీర్ నన్ను పిలిపించాడు. రెన్యూవల్‌కు వచ్చిన నా వీసా కాగితాలు ఆయన బల్ల మీద ఉన్నాయి. వాటి మీద చెయ్యి పెట్టి, "ఆజ్ పానీ నహీ. మోటార్ ఖరాబ్ బోలో" అన్నాడు, అంతే. ఇవాళ నీళ్ళు పెట్టొద్దు, మోటారు చెడిపోయిందని చెప్పమని. ముందు వారమే నా గదిలో ఉండే మా మేనబావను వీసా రద్దు చేసి, పెట్టె సర్దుకొమ్మని విమానం ఎక్కించారు. ఈ వయసులో నాకు ఇంకో వీసా ఎవడిస్తాడు?

మ్యాచుకు ముందు కోచ్ సారు వంగి, అరచెయ్యి గడ్డికి ఆనించి, నా వైపు చూశాడు. "మోటార్ జల్ గయా సార్" అన్నాను. ఆయన లేచి లోపలికి పోయాడు. బాత్రూము నుంచి బకెట్ తెచ్చి, కుంటుకుంటూ మైదానం నడుమ నీళ్ళు చల్లడం మొదలుపెట్టాడు. అంత మైదానానికి బకెట్ నీళ్ళు ఏ మూలకు! జనాన్ని రానివ్వని రోజులు, ఖాళీ స్టేడియంలో ఆ నీళ్ళ చప్పుడొక్కటే. సిగ్గు లేకుండా నేనూ ఒక బకెట్ మోశాను.

ఓడిపోయారు. బంతి ప్రతిసారీ అందాల్సిన కాలికి ఒక అడుగు ముందే ఆగింది.

మూడో రోజు ఆయన పెట్టెలు కారులో పెట్టించి పంపు గదికి వచ్చాడు. చెయ్యి కలుపుతాడనుకున్నాను. నన్ను దాటి పోయి స్విచ్ వేశాడు. మోటారు హాయిగా తిరిగింది. బయట స్ప్రింక్లర్లు లేచి మైదానమంతా తడవసాగింది. తలుపు దగ్గర నిలబడి కాసేపు ఆ నీళ్ళనే చూశాడు. తిట్టినా బాగుండేది, చెంప మీద కొట్టినా పడేవాణ్ణి. "వీసా ఓకే, బాబా?" అని అడిగాడు. తలూపాను. "గుడ్" అని స్విచ్ ఆపి వెళ్ళిపోయాడు.

ఆ వీసా ఇంకో మూడేళ్ళు నడిచింది. ఆ మూడేళ్ళూ తిన్నది ఒంటికి పట్టలేదు. ఇప్పుడు ఆ మైదానంలో నీళ్ళు టైముకు వాటంతటవే వస్తాయట, స్విచ్ వేసే మనిషే అక్కర్లేదట. అబద్ధమాడమని బెదిరించడానికీ ఎవరూ ఉండరు, పొద్దున్నే చాయ్ తాగుతూ కథ చెప్పుకోవడానికీ ఎవరూ ఉండరు. ఆయన ఏ దేశంలో ఉన్నాడో, ఏ క్లబ్బయినా పిలిచిందో లేదో నాకు తెలియదు.

నిన్న మెకానిక్ వచ్చి మోటారు బాగుచేసి పోయాడు. స్విచ్ మాత్రం మా బావమరిదినే వేయమన్నాను.