సుబ్బరామి కడుపుమంట

బళ్లారి తారానగర్ సుబ్బరామికి లారీలున్నాయి, చేలున్నాయి, ఊళ్లో మాటకు విలువుంది. లేనిదల్లా ఓర్పు ఒక్కటే. పక్కవాడు కొత్త టిప్పర్ కొన్నాడని తెలిస్తే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. అంతటి కుళ్లుబోతుకు పెళ్లాం అక్కమ్మ విషయంలో మాత్రం ఏనాడూ ఈర్ష్య పుట్టలేదు. పుట్టడానికి ఆమె గడప దాటితే గదా!

ఆ ముచ్చటా బాలిలో తీరింది. లారీల యజమానులంతా భార్యలను వెంటబెట్టుకుని విమానమెక్కారు. అక్కడ రాళ్లు చెక్కేవాళ్ల ఊరొకటి ఉంది. కావాలన్నవాళ్లను శిల్పులే పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతారు. మిగతా ఆడవాళ్లు బొమ్మల పక్కన ఫొటోలు దిగి బజారుకు పరుగెత్తారు. అక్కమ్మ మాత్రం కొంగు బిగించి ఒక ముసలి శిల్పి ఎదుట చాప మీద కూర్చుంది.

మొదటి దెబ్బకే సుత్తి జారింది. ముసలాయన నవ్వి, ఆమె చేతులు రెండూ పట్టుకుని, సుత్తి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చాడు. ఆ తర్వాత చూడాలి! టకటకా కొడుతుంటే మెత్తటి బూడిదరంగు రాతి మీద ఆకు ఈనె తేలింది. అక్కమ్మ పగలబడి నవ్వింది.

సుబ్బరామికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నవ్వు తన ఇంట్లో ఎప్పుడైనా వినపడిందా? పళ్లూడిన ముసలివాడు, పైగా మన భాష రానివాడు, వాడికెట్లా దక్కింది?

చాలదన్నట్టు తోటి లారీల యజమాని గాంధీనగర్ గురునాథ్ భుజం తట్టాడు. “ఏమప్పా సుబ్బరామీ, అక్కయ్య ఈడే అంగడి పెట్టేట్టుండాదే!”

అంతలో ముసలాయన సుబ్బరామి వైపు వేలు చూపి, “సువామి?” అని అడిగాడు. అక్కమ్మ సుబ్బరామిని ఎగాదిగా చూసి, కాదని అడ్డంగా తలూపింది. టూరు తీసుకొచ్చిన దేవరాజ్ విరగబడి నవ్వాడు.

“అయ్యో అక్కా! వాళ్ల భాషలో సువామి అంటే మొగుడు!”

గుంపంతా గొల్లుమంది. సుబ్బరామికి తల కొట్టేసినట్టయింది. ఆ వార్త తనకంటే ముందే బళ్లారి చేరుతుంది, అనుమానం లేదు.

హోటల్ గది తలుపు వేయగానే అందుకున్నాడు. “అంతమందిలో మొగుణ్ణి కాదంటివే! సిగ్గుండొద్దూ?”

“సామివా అని అడిగినాడనుకుంటి. బీడీ మానలేనోడివి, నువ్వు యాడ సామివప్పా?”

“మరి ఆ ముసలోడు నీ చెయ్యి ఎందుకు పట్టుకున్యాడు?”

అక్కమ్మ మంచం అంచున కూర్చుని అరచేతికి లేచిన బొబ్బ చూసుకుంది. “నాది పుర్రచెయ్యి,” అంది. “చిన్నప్పుడు మాయమ్మ ఎడమచేతికి వాత పెట్టి మాన్పించె. మీ ఇంట్లో తెలిస్తే అపశకునమంటారని కుడిచేత్తోనే అన్నీ నేర్చుకుంటి. ఆ యప్ప సుత్తి పట్టుకోడం చూసే కనుక్కున్యాడు. నీకు తెలుసునా?”

సుబ్బరామికి తెలియదు. ఆమె వడ్డించిన అన్నం ఇన్నేళ్లుగా తింటున్నాడు. ఆ వాత మచ్చ చూశాడు కూడా, ఎప్పుడూ అడగలేదు. ముసలివాడు ఒక్క చూపులో కనిపెట్టింది తనకెందుకు కనపడలేదని రాత్రంతా కుళ్లిపోయాడు. పక్కవాడి టిప్పర్ అయితే తనూ ఒకటి కొనేవాడు. దీనికేం చేయాలి?

తెల్లవారి అందరికంటే ముందు తనే బయల్దేరాడు. తెల్లపంచె రాతిపొడి పాలవుతున్నా పట్టించుకోకుండా పెళ్లాం పక్కనే చాప మీద చతికిలబడ్డాడు. ముసలాయన ఆయనకూ ఒక చిన్న రాయి ముందుకు జరిపాడు. సుబ్బరామి దాన్ని ముట్టుకోలేదు.

“ఏమ్మే, చెప్పు ఆయనకు,” అన్నాడు గొంతు తగ్గించి.

“ఏమని?”

“అదే... నేను నీ సువామినని.”

అక్కమ్మ సుత్తి ఆపింది. సుబ్బరామి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం కనిపిస్తే బాగుండేది, తిట్టి ఊరుకునేవాడు. కోపం లేదు.

“నిన్న అర్థం తెలీక కాదంటి,” అంది. “ఈపొద్దు తెలిసింది గదా. ఆలోచన చేసి చెప్తాలే.”

సుత్తి ఎడమచేతిలోకి తీసుకుని మళ్లీ రాతి మీదికి వంగింది.