వాళ్లమ్మకు నేర్పినవి

నగరిలో మరమగ్గాల షెడ్డు లోపల మాట వినబడదు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా దండగే. అందుకే అక్కడ పనిచేసేవాళ్లం పెదవులు చూసి మాట పట్టుకుంటాం. తను నా ఎదుటి వరుసలో మగ్గం నడిపేది. పట్టపగలు, అందరి మధ్యలో, "నీ జడ బాగుండాదిమే" అని పెదవులతో అనేది. మేస్త్రి అటు తిరిగాక అంతకన్నా పెద్ద మాటలే అనేది. మా ప్రేమంతా ఆ రొదలోనే సాగింది. తర్వాత ఇద్దరం ఒక గది అద్దెకు తీసుకున్నాం. వీధిలోవాళ్ల లెక్కలో మేం స్నేహితులం, ఒకరికొకరు తోడు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. షిఫ్టు దిగి నేరుగా అక్కడికి పోయి, తలుపులు మూసేదాకా కూర్చుంటాను. నవలల బీరువాలు రెండూ పూర్తిచేశాను. ఆ నవలల్లో ఇద్దరాడవాళ్లు ఒకే ఇంట్లో ఉంటే తోడికోడళ్లో సవతులో అయి ఉంటారు. మాలాంటివాళ్లు ఒక్క పేజీలోనూ దొరకలేదు. ఆ మాటే తనతో అంటే పొట్ట పట్టుకుని నవ్వింది.

"అట్లయితే నేను పెద్ద పెండ్లాం, నువ్వు సవితివి. పోయి నీళ్లు పట్టకరాపో."

పోయినేడు వానలు మొదలయ్యాక ఆ నవ్వు తగ్గుతూ వచ్చింది. అలసట అనుకున్నాం. తర్వాత తర్వాత, పోగు తెగి మగ్గం ఆగిపోయినా తెలియనట్టు నిలబడి ఉండేది. ఎదుటి వరుసలోంచి నేను చెయ్యి ఊపితే కళ్లెత్తేది కాదు. అన్నం పెడితే, చెయ్యి కంచంలో పెట్టి అలాగే కూర్చునేది. గ్రంథాలయంలో మానసిక వ్యాధుల మీద ఒక పుస్తకం ఉంది. అందులో కుంగుబాటు గురించి చదువుతుంటే ఎవరో మా గదిని చూసి రాసినట్టనిపించింది. జబ్బు పేరు నేనే కనుక్కున్నానని కొంచెం గర్వపడ్డాను కూడా. తిరుపతి బస్సెక్కేదాకా ఆ గర్వం ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను బయట ఉంచి తనతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత నన్ను పిలిచింది.

"మీరు ఆమెకు ఏమవుతారు?"

"కలిసుంటామండీ."

ఆవిడ దాని గురించి ఇంకేమీ అడగలేదు. తనకు చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయని, మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, అంతవరకూ తనను ఒంటరిగా వదలకూడదని చెప్పింది. ఇంట్లో ఎవరుంటారని అడిగింది. నేను షెడ్డుకు పోతే ఎవరూ ఉండరు. పోకపోతే పొయ్యి వెలగదు.

తనకు ఉన్నది వాళ్లమ్మ ఒక్కతే, ఏర్పేడు దగ్గర పల్లెలో. ఆమె ఒకసారి మా గదికి వచ్చింది. గోడకు ఆనించిన ఒకే ఒక చాపను చూసింది. ఏమీ అడగకుండా, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత కూతురి ఫోను ఎత్తలేదు.

"అమ్మకు మాత్రం చెప్పొద్దుమే," అంది తను ఆసుపత్రి వరండాలో. "తీసకపోతాది. మళ్లీ పంపదు."

"తెలుసు."

"తెలిసీ పిలస్తావా?"

తనను నా దగ్గర ఉంచుకోవడమా, బతికించుకోవడమా? రెండూ కుదరవని డాక్టరమ్మ మాటల్లోనే తేలిపోయింది. నా ఫోను నుంచి చేశాను. కొత్త నంబరు కాబట్టి వాళ్లమ్మ ఎత్తింది.

మధ్యాహ్నానికి వచ్చింది. కూతురి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది.

"ఎవురి కన్నో పడినట్టుండాది. తాయెత్తు కట్టిస్తే పోతాది."

"కన్ను కాదమ్మా, జబ్బు. సుగర్ మాదిరి ఇదీ ఒక జబ్బే. నేను పుస్తకంలో సదివినాను."

"పుస్తకంలో నా బిడ్డ పేరుండాదా?"

"లేదు."

"మరి గమ్మునుండు."

అయినా మాత్రల కవరు నా చేతిలోంచి తీసుకుని కొంగున ముడివేసుకుంది. ఏర్పేడు బస్సులో తను కిటికీ పక్కనే కూర్చుంది. నా వైపు చూడలేదు.

వారం తిరక్కుండానే వాళ్లమ్మ ఫోను చేసింది. "స్నానానికి లేయదు. నువ్వెట్ల లేపతా ఉంటివి?"

లెమ్మని చెప్పకూడదన్నాను. వేన్నీళ్లు తెచ్చి పక్కన పెట్టి ముందు పాదాల మీద పోయాలి, తర్వాత తనే లేస్తుంది అని చెప్పాను. ఇంకోసారి, మాత్ర ఊసేస్తోందని చేసింది. రాగిసంగటి తినిపించి, మజ్జిగతో ఇవ్వమన్నాను. తెల్లారకముందే లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటుందని మరోసారి చేసింది.

"అప్పుడేం మాట్లాడొద్దమ్మా. పక్కన కూచోని కాళ్ల మీద సెయ్యి వేసి పెట్టుకోండి."

"సెయ్యా?"

"సెయ్యే. నిద్ర పట్టేదాకా తియ్యొద్దండి."

ఆ చాప ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. "సరేలే," అంది చివరికి.

ఒకటో రెండో చెప్పకుండా దాచుకుంటే మళ్లీ మళ్లీ ఫోను చేస్తుంది కదా అన్న ఆశ నాకు రాకపోలేదు. కానీ అడిగినవన్నీ చెప్పాను, అడగనివి కూడా చెప్పాను. ఉరుములంటే భయమని, పుల్లమజ్జిగ పడదని, ఏడుపు వచ్చేముందు గోళ్లు చూసుకుంటుందని. ఫోను పెట్టేసిన ప్రతిసారీ గది ఇంకొంచెం ఖాళీ అయ్యేది.

సంక్రాంతి వెళ్లాక ఆమె చేసిన ఫోనులో అడగడానికేమీ లేదు.

"ఈపొద్దు తనే లేసి నీళ్లు పోసుకునింది. రెండు ముద్దలు అడిగి పెట్టించుకునింది."

"నేను ఒకసారి వచ్చి సూసి పోనా?" అన్నాను.

"వద్దు పాపా. నిన్ను సూస్తే ఆడికే వస్తానంటాది. ఇప్పుడిప్పుడే తేరుకుంటాండాది."

"నన్ను అడగతాదా?"

అబద్ధం చెప్పడం రానిమనిషి ఆమె.

"అడగతాది," అంది. "ఆ పాప పెండ్లి సేసుకునిందిలే అని సెప్పినా."