నిద్రకు పన్ను లేదు

మా తాత డెల్మర్ జీవితంలో ఒక్కసారే తొందరపడ్డాడు. మిగతా ఏ పనికైనా ఆయనకు ఒక పెన్సిలూ, పసుపు కాగితాల పుస్తకమూ, కనీసం మూడు రోజులూ కావాలి. బూట్లు కొనాలన్నా అంతే. ఆ ఒక్కసారి తొందరపడినందుకు మా అమ్మమ్మ రొసీనా నది ఇవతలికి వచ్చి పడింది.

తాత పని రంపాలకు పదును పెట్టడం. కోత మిల్లుల నుంచి బండి చక్రాలంత రంపాలు వచ్చేవి. ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఒక షెడ్డులో కూర్చుని ఆయన వాటిని ఆకురాయితో అరగదీసేవాడు. ఆ గోలకి ఆయన చెవులు ముందే రిటైరయ్యాయి. ఇప్పుడు ఆయన్ని భోజనానికి పిలవాలంటే బల్ల మీద చేత్తో కొట్టాలి.

అప్పట్లో వాళ్ల ఇల్లు కూడా పోర్ట్‌లాండ్‌లోనే ఉండేది. పక్కింట్లో అమ్మమ్మ అక్క అసుంతా. రెండిళ్ల వెనక వసారాలకీ చెరో గిలక బిగించి, మధ్యన బట్టలారేసే తాడు కట్టారు. ఆ తాడు మీద బట్టల కన్నా బుట్ట ఎక్కువ తిరిగేది. అమ్మమ్మ ఉల్లిపాయలు వేసి కాల్చిన రొట్టెని గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టి లాగేది. కాసేపటికి బుట్ట తిరిగొచ్చేది, లోపల గుడ్డ ఉండచుట్టుకుని ఉండేది.

"మడతపెట్టి పంపితే నీ చేతులేమైనా అరిగిపోతాయా అక్కా?" అని అమ్మమ్మ కిటికీలోంచి అరిచేది.

"రొట్టె పంపినదానివి మడత కూడా నువ్వే పెట్టుకోవే!" అని అటునుంచి జవాబు.

పందొమ్మిది వందల ఎనభై ఏడులో ఒకరోజు భోజనాల దగ్గర వెండెల్ అనే తోటి పనివాడు తాత చెవిలో ఒక మాట ఊదాడు. "ఒరేయ్ డెల్, నది దాటి వాంకూవర్‌కి మారిపోరా. అది వాషింగ్టన్ రాష్ట్రం. అక్కడ జీతం మీద రాష్ట్రానికి పన్నే లేదు. మా బాబాయి అక్కడే ఉంటాడు, ఒక్క సెంటు కట్టడు."

వాళ్ల బాబాయి పని చేసేది కూడా అక్కడే అని వెండెల్ చెప్పలేదు, తాతా అడగలేదు. పెన్సిలు తీయలేదు, పసుపు పుస్తకం తెరవలేదు. నెల తిరక్కుండా ఇల్లు అమ్మేశాడు.

"నిన్ను నీళ్లు దాటిస్తున్నాడా నీ మొగుడు?" అంది అసుంతా.

"డబ్బు మిగులుతుందంట అక్కా."

"మిగిలాక నాక్కూడా చూపించు."

వాంకూవర్‌లో ఇల్లు బాగానే ఉండేది, ఇప్పటికీ అందులోనే ఉంటున్నాం. అయితే వంటింటి కిటికీ గరాజు గోడవైపు తెరుచుకుంటుంది. తాత రోజూ వంతెన దాటి అదే షెడ్డుకి వెళ్లేవాడు. ప్రతి జీతంలోనూ ఆరెగాన్ రాష్ట్రం కోత ఎప్పట్లాగే పడుతూ ఉంది. ఏడాది చివర కాగితాలు దాఖలు చేస్తే అంతా వాపసు వస్తుందని ఆయన ధీమా. ఫిబ్రవరిలో ఏడాది కోతల కాగితం పట్టుకుని, జీతాలు చూసే మావిస్ దగ్గరికి వెళ్లాడు.

"నేనిప్పుడు వాంకూవర్ మనిషినమ్మా. ఇది వెనక్కి ఎప్పుడొస్తుంది?"

మావిస్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిందట. "డెల్, రంపం ఎక్కడుంది?"

"ఇక్కడే."

"నీ చేతులు?"

"ఇక్కడే."

"మరి పని జరిగింది ఇక్కడైతే పన్నూ ఇక్కడే కదయ్యా. నది అవతలికి నువ్వు పట్టుకెళ్లేది నిద్ర ఒక్కటే. దానికి ఎలాగూ పన్ను లేదు."

నేను పదో తరగతిలో బడి మానేసిన దాన్ని. నాకే ఒక్కసారి వినగానే అర్థమైంది ఈ సంగతి. తాత మాత్రం ఆ సాయంత్రం వంతెన దగ్గర, పడవ వెళ్లడానికి పైకి లేచిన వంతెన మళ్లీ దిగాక కూడా, వెనక బళ్లన్నీ హారన్లు కొట్టినా కదలకుండా కారులో కూర్చున్నాడట. పైగా వాషింగ్టన్‌లో కొన్న సరుకు మీద పన్ను వేస్తారు, ఆరెగాన్‌లో వేయరు. అంటే సంపాదించినప్పుడు ఒక రాష్ట్రానికీ, నిచ్చెనో రంగు డబ్బానో కొన్నప్పుడు ఇంకో రాష్ట్రానికీ. రెండు వైపులా కట్టడానికే మా తాత ఊరు మారాడు.

అమ్మమ్మ ఆయన ముందు సూపు గిన్నె పెట్టి, అంతా విని, ఒకే మాట అడిగింది. "అయితే వెనక్కి వెళ్లిపోదామా?"

"ఇల్లు అమ్మేశాం కదా. రిటైరయ్యాక చూడు, పింఛను మీద ఇక్కడ రాష్ట్రానికి ఏమీ కట్టక్కర్లేదు. అప్పుడు తెలుస్తుంది." చెంచాతో సూపు కలుపుతూ, "మీ అక్కకి చెప్పకు," అన్నాడు.

చెప్పలేదు. ప్రతి ఆదివారం అమ్మమ్మ రొట్టె ఒళ్లో పెట్టుకుని అక్క దగ్గరికి వంతెన దాటేది. ప్రతి ఆదివారం అసుంతా అడిగేది: "ఇంతకీ ఎంత మిగిల్చాడే మీ ఆయన?"

"బాగానే మిగిలిందక్కా. కొత్త ఫ్రిజ్ కొన్నాం."

ఆ ఫ్రిజ్ వాయిదాల మీద కొన్నది. ఇరవై నాలుగేళ్లు అమ్మమ్మ ఆయన కోసం అలాగే అబద్ధాలాడింది.

తాత రిటైరైన వసంతంలోనే పోర్ట్‌లాండ్‌లోని వాళ్ల పాత ఇల్లు మళ్లీ అమ్మకానికి వచ్చింది. ఒక శుక్రవారం అసుంతా ఫోన్ చేసింది. "బోర్డు పెట్టారే. నా గిలక ఇంకా వసారాలోనే ఉంది. వచ్చెయ్యండి."

అమ్మమ్మ ఫోను చేత్తో మూసి, "డెల్, సరే అని చెప్పెయ్," అంది.

"లెక్క చూడనీ. అక్కడికెళ్తే పింఛను మీద పన్ను పడుతుంది. ఇన్నేళ్లూ దీనికోసమేగా ఆగాం రొసీనా!"

"నేను దీనికోసం ఆగలేదు," అంది అమ్మమ్మ. ఆ మాట ఆ చెవులకి వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో నాకు తెలియదు.

శుక్రవారం, శనివారం, ఆదివారం. ఆ పసుపు పుస్తకం నేను చూశాను. ఇల్లు ధర, పింఛను, పన్ను, వంతెన మీద తగలేసిన పెట్రోలు, అన్నీ కొట్టివేతల మధ్య ఉన్నాయి. ఆఖరి పేజీలో "వెళ్దాం" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. సోమవారం పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ ఇల్లు అమ్మేవాళ్లకి ఫోన్ చేశాడు. ఇల్లు శనివారమే అమ్ముడైపోయింది.

తిట్టి ఉంటే బాగుండేదంటాడు తాత. అమ్మమ్మ తిట్టలేదు. "ఇస్త్రీ చొక్కా పాడుచేసుకోకు, విప్పెయ్," అంది, అంతే.

రెండేళ్లకి అసుంతా మంచం పట్టింది. ఒక ఆదివారం నేనే అమ్మమ్మని కారులో తీసుకెళ్లాను. పెద్దమ్మమ్మ గొంతు పీలగా అయిపోయింది, కానీ ప్రశ్న అదే. "ఎంత మిగిల్చాడే?"

అమ్మమ్మ దుప్పటి సరిచేస్తూ, "ఏమీ మిగల్లేదక్కా. మొదటి ఏడాది నుంచీ ఏమీ లేదు," అంది.

పెద్దమ్మమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. "తెలుసే పిచ్చిదానా. ఇక్కడ పని చేసి అవతల పడుకునే ప్రతివాడికీ తెలుసు, ఒక్క నీ మొగుడికి తప్ప."

"మరి ప్రతి వారం ఎందుకడిగావు?"

"చెప్పి ఏడుస్తావేమోనని. ఒక్కసారి ఏడ్చుంటే నిన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేదాన్ని కదే."

ఆ వచ్చిన జనవరిలోనే ఆమె పోయింది. ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె కొడుకు వసారాలోని గిలక ఊడదీస్తుంటే తాత అడిగి తెచ్చుకున్నాడు. రెండోది కొత్తది కొన్నాడు. అది పన్ను పడదని ఆరెగాన్‌లోనే కొన్నాడు లెండి, అలవాటు ఎక్కడికి పోతుంది! ఒకటి మా వంటింటి కిటికీ పక్కన, ఒకటి గరాజు గోడకి బిగించి, మధ్యన తాడు కట్టి, బుట్ట తగిలించాడు. ఎనభై ఏళ్ల మనిషి నిచ్చెనెక్కుతుంటే కింద పట్టుకున్నది నేనే.

అమ్మమ్మ కిటికీలోంచి చూసింది. "ఎవరికి పంపమంటావు? గరాజుకా?"

తాతకి వినపడలేదు. తాడు బాగా తిరుగుతోందని చెయ్యి ఊపాడు. అమ్మమ్మ కిటికీ మూసేసింది. ఆ బుట్ట మూడు వారాలు వానకి తడుస్తూ అక్కడే వేలాడింది. తాత మాత్రం ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్లి గరాజు గోడ దగ్గర, ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాడు. "తాతా, అక్కడేం పోయింది?" అని నేను అడిగితే, "మేకు," అనేవాడు.

నాలుగో ఆదివారం గిలక కిర్రుమంది. వెళ్లి చూస్తే అమ్మమ్మ తాడు లాగుతోంది. బుట్టలో గుడ్డలో చుట్టిన రొట్టె. తాత టోపీ తీసి, గోడకానుకుని, నిలబడే మొత్తం తిన్నాడు. తర్వాత గుడ్డని తొడ మీద పరిచి, దులిపి, మూల మూలకి కలిపి జాగ్రత్తగా మడతపెట్టి, బుట్టలో పెట్టి లాగాడు.

అమ్మమ్మ ఆ మడతని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"అక్క ఎప్పుడూ ఉండచుట్టి పంపేది," అంది నాతో. ఆ గుడ్డ విప్పి, నలిపి, మళ్లీ బుట్టలో వేసింది.