కోత పండగ వేలంలో నేను పాడిన పాట

దేవుడి గుడిలోనూ బేరమాడిన మొనగాణ్ణి నేను. 2013లో గరివిడి దగ్గర మా చర్చిలో కోత పండగ. విశ్వాసులు కానుకగా తెచ్చిన పంటను వేలం వేస్తున్నారు; వచ్చిన డబ్బు దేవుడి హుండీకి. కూలికెళ్ళే సూరమ్మత్త తెచ్చిన గుమ్మడికాయ వంతు వచ్చింది. కొట్టువాడి కొడుకుని కదా, తట్టి చూసి, "మచ్చుంది, పది రూపాయలు!" అన్నాను.

"నూటేభై!" అంది సూరమ్మత్తే. అది ఆవిడ రోజుకూలి.

"నీ కాయి నువ్వే కొంతావేటత్తా? రేపేటి తింతావు?"

"కడుపుదేటుందిరా అల్లుడా, రేపు సూసుకుంతాను. ఇయ్యాల దేవుడికిచ్చి మనసు నింపుకోనీ."

డబ్బు కట్టేసి, కాయను నా భుజానికెత్తింది. "నీకిదే కదా కావాల, అట్టుకెల్లు."

గుడంతా నవ్వు.

నిజాయితీగా లెక్క చెబుతున్నాను: కాయకి నాకు పైసా ఖర్చు కాలేదు. దాన్ని మోసుకుంటూ అందరి మధ్యనుంచి వాకిలిదాకా నడిచానే, అంత ఖరీదు మాత్రం ఏ సరుకుకీ ఇంతవరకు కట్టలేదు.