సగటులో దాచిన ఆలస్యం

బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి, డబ్బాలు నింపే యంత్రాన్ని నడిపే కంప్యూటరు మా తిరుపతి ఆఫీసే అమర్చింది. వాల్వు మూసే ప్రోగ్రాం రాసింది మాలో ఒక పెద్దాయన. నగరి నేతగాళ్ల ఇంటి మనిషి, నలభై దాటాక ఈ పని నేర్చుకున్నాడు. కెర్నల్ నాది. ఏ ప్రోగ్రాంకి ప్రాసెసర్ ఎప్పుడివ్వాలో వంతులు వేసేది కెర్నలే.

సీజన్ మధ్యలో వాల్వు అప్పుడప్పుడూ ఆలస్యంగా మూసుకోవడం మొదలైంది. అప్పుడల్లా డబ్బా పొంగి గుజ్జు నేలపాలు.

"నా ప్రోగ్రాం టయానికే లేస్తా ఉండాదబ్బా. వంతు రాక కాసుకోని ఉండాది. ఒకసారి కొలిచి సూడు," అన్నాడాయన.

నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న నేర్చుకున్న మనిషి నా కెర్నల్‌కి వంక పెట్టడమా!

కొలిచాను. ప్రోగ్రాం లేచాక ప్రాసెసర్ దొరికేదాకా ఎంతసేపు ఎదురుచూసిందో రోజంతా నమోదు చేశాను. దాదాపు అన్నీ లెక్కలోకి రానంత చిన్నవి. మధ్యలో నాలుగైదు మాత్రం చాంతాడంత ఉన్నాయి. ఎందుకో వెతికితే తప్పు నాదేనని తేలింది. యంత్రం వివరాలు రాసిపెట్టే నా సొంత ప్రోగ్రాంకి పరీక్ష కోసం అన్నిటికంటే ముందు వంతు ఇచ్చి, తీసేయడం మరిచాను. అది నడిచినప్పుడల్లా వాల్వు ప్రోగ్రాం ఆగాల్సి వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. మీటింగులో సగటు ఒక్కటే తెర మీద వేశాను. అన్నిట్లో కలిపేసరికి ఆ నాలుగైదూ కనిపించకుండా పోయాయి.

"ఎదురుచూపూ లేదు, ఏమీ లేదు. ప్రోగ్రామే నిద్రపోతోంది, రాసినాయన లాగే," అన్నాను. అందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా ఉండింది.

"అన్నిట్లోకీ పెద్దది ఎంతబ్బా?" అని ఆయన మెల్లగా అడిగాడు.

"సగటంటేనే తెలీకపోతే ఇంకేం చెప్పేదన్నా?" అని నోరు మూయించాను.

ఆ వారమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. మర్నాడు నా ప్రోగ్రాం వంతు కిందికి దించాను. వాల్వు బాగైంది. ఆయన తప్పు నేనే దిద్దానని చెప్పుకున్నాను.

మొన్న శ్రీకాళహస్తి బస్టాండులో ఎదురుపడ్డాడు. బట్టల కొట్లో పని చేస్తున్నాడట. ముఖం తిప్పుకుంటాడనుకుంటే, పిలిచి టీ ఇప్పించాడు.

"మళ్లీ కంప్యూటర్ల జోలికి పోలేదప్పా. నా ప్రోగ్రామే కరెక్టని శానా దినాలు మొండికేసినా. నువ్వు కొలిచి చెప్పినావు కాబట్టి సరిపోయింది. లేకుంటే ఇంకోచోట గూడా చెడగొట్టి ఉందును. నాకు ఆ పని రాదు, అంతే కదా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"అంతే అన్నా," అన్నాను.